జీఐ రేకు పెట్టెతో షీల్డ్ బాక్స్: వైర్‌లెస్ పరికరాలను బయటి గోల లేకుండా పరీక్షించడం ఎలా?

"నిన్న రాత్రి సిగ్నల్ మైనస్ 52 వచ్చింది. ఇవాళ పొద్దున అదే బోర్డు, అదే టేబుల్, మైనస్ 61 చూపిస్తోంది. బోర్డు పాడైందా?"

వైఫై, బ్లూటూత్, లోరా బోర్డులతో పని చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. (ఆ అంకె సిగ్నల్ బలం, డీబీఎమ్‌లో. సున్నాకు దూరమయ్యే కొద్దీ సిగ్నల్ బలహీనమన్నమాట. లోరా అంటే తక్కువ కరెంటుతో దూరానికి కొద్దిపాటి డేటా పంపే రేడియో.) దాదాపు ఎప్పుడూ బోర్డుకు ఏమీ అయి ఉండదు. పక్క ఫ్లాట్‌లో కొత్త రౌటర్ పెట్టి ఉంటారు, మీరు కుర్చీ జరిపి ఉంటారు, లేదా టేబుల్ మీద స్టీలు గ్లాసు పెట్టి ఉంటారు. ఇవన్నీ లేని చోటు కావాలంటే షీల్డ్ బాక్స్, అంటే బయటి రేడియో సిగ్నళ్లను లోపలికి రానివ్వని లోహపు పెట్టె, కావాలి. కంపెనీ బాక్సులు లక్షల్లో ఉంటాయి. విద్యార్థులు, చిన్న స్టార్టప్‌లవాళ్లు, రిపేరు షాపులవాళ్లు సొంతంగా చేసుకోవచ్చు. ఒక శని, ఆదివారం పని.

ముందు ఒక్క విషయం

రేకు ఎంత మందం ఉండాలని అందరూ అడుగుతారు. మందం అసలు సమస్యే కాదు. 1 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు పైపొరలో సుమారు 2 మైక్రాన్ల లోతులోనే నడుస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ కూడా అంతకు కొన్ని రెట్లు మందంగా ఉంటుంది. సిగ్నల్ రేకులోంచి రాదు, సందులోంచి వస్తుంది. ఆ సందు ఎంత వెడల్పుందో కాదు, ఎంత పొడవుందో చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెం.మీ. అందులో సగం, అంటే 6 సెం.మీ. పైచిలుకు పొడవున్న సందు వెంట్రుక మందమే ఉన్నా చక్కటి యాంటెన్నాలా పనిచేస్తుంది. తరంగం పొడవులో ఇరవయ్యో వంతుకు మించి ఎక్కడా సందు ఉండకూడదన్నది గుర్తుంచుకోవాల్సిన లెక్క. 2.4 దగ్గర అది 6 మి.మీ., 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర మి.మీ. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

కావలసినవి

- 1 మి.మీ. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) షీటుతో 40 × 30 × 25 సెం.మీ. పెట్టె, దానికి విడి మూత. ఏసీ డక్టులు చేసే షాపులో ఇస్తే ఫోల్డింగ్ శుభ్రంగా చేస్తారు. పెట్టె నోటి చుట్టూ 25 మి.మీ. అంచు బయటికి మడవమనండి. "పెయింటు వేయొద్దు" అని రెండుసార్లు చెప్పండి.
- కండక్టివ్ గ్యాస్కెట్, సుమారు ఒకటిన్నర మీటరు. లోపల స్పాంజి, పైన నికెల్-రాగి పూత బట్ట ఉన్న రకం.
- మూత బిగించడానికి టాగిల్ క్లాంపులు, 10 సెం.మీ.కి ఒకటి చొప్పున 14.
- పెట్టె రేకుకు బిగించే ఎస్ఎంఏ కనెక్టర్ (రేడియో కేబుళ్లకు వాడే చిన్న మర కనెక్టర్), రెండు వైపులా ఫీమేల్.
- యాంటెన్నాకు 2 మి.మీ. ఇత్తడి లేదా రాగి తీగ.
- ఆర్‌జీ 223 లేదా ఆర్‌జీ 142 కేబుల్. వీటికి షీల్డు అల్లిక రెండు పొరలుంటుంది. సన్నటి ఆర్‌జీ 174 వద్దు, అదే లీకవుతుంది.
- 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) ఒకటి, 20 డీబీవి రెండు. డీబీ అంటే ఎంత తగ్గిందో చెప్పే కొలత, ప్రతి 10 డీబీకి పవర్ పదో వంతు అవుతుంది.
- 1 నానోఫారడ్ ఫీడ్‌త్రూ కెపాసిటర్లు (రేకులోంచి కరెంటును పంపుతూ రేడియో సిగ్నల్‌ను ఆపేవి), నాలుగు.
- కార్బన్ కలిపిన అబ్జార్బర్ స్పాంజి (సిగ్నల్‌ను పీల్చుకునేది), థర్మోకోల్ ముక్కలు.
- రాగి టేపు, సోల్డరింగ్ సరంజామా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మల్టీమీటర్.
- పరీక్షకు రెండు ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు).

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రేకు, క్లాంపులు రాణిగంజ్‌లో, కనెక్టర్లు, కెపాసిటర్లు కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే పని అవుతుంది. గ్యాస్కెట్, అబ్జార్బర్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు.

జీఐ పెట్టె చేయించే వీలు లేకపోతే పదిహేను కిలోల నూనె రేకుడబ్బా వాడొచ్చు. దానికి తగరం పూత ఉంటుంది కాబట్టి సోల్డరింగ్ సులువుగా అంటుకుంటుంది. లోపల లక్క లాంటి పూత ఉంటే గీకేయాలి. 2.4 గిగాహెర్ట్జ్ పనికి అది చాలు. 866 మెగాహెర్ట్జ్ లోరాకు మాత్రం ఇరుకవుతుంది.

1. మూలలు మూయండి

చేతికి గ్లవ్స్ వేసుకోండి. కొత్తగా కోసిన రేకు అంచు బ్లేడులా ఉంటుంది.

మడత పెట్టిన మూలలు చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటాయి. నిజానికి అక్కడ ఇంచీల పొడవున సందులుంటాయి. లోపలి వైపు నుంచి ప్రతి మూలా, ప్రతి జాయింటూ పొడవునా సోల్డర్ చేయాలి. అక్కడక్కడా చుక్కలు పెడితే సరిపోదు. జీఐకి మామూలు రోజిన్ ఫ్లక్స్ సరిగా పట్టదు, జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ కావాలి. పొగ మంచిది కాదు, వరండాలో కూర్చుని చేయండి. పని అయ్యాక ఫ్లక్సును తడిబట్టతో పూర్తిగా తుడవండి, లేకపోతే నెల తిరిగేలోగా తుప్పు మొదలవుతుంది.

సోల్డరింగ్ కుదరకపోతే రాగి టేపు అతికించవచ్చు. కానీ కొనేముందు ఒక పరీక్ష చేయండి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి, మల్టీమీటర్‌తో పై ముక్క నుంచి కింది ముక్కకు కొలవండి. బీప్ రాకపోతే ఆ జిగురు కరెంటును పారనివ్వదు. అలాంటి టేపు వేస్తే సందు మీద కప్పు వేసినట్టు ఉంటుంది తప్ప సందు మూసుకోదు.

2. మూత: పనంతా ఇక్కడే ఉంది

పెట్టెలో మూడొంతుల లీకేజీ మూత దగ్గరే ఉంటుంది. ఇక్కడ తొందర పడకండి.

అంచు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవండి. జీఐ మీద ఎమరీ పేపరు గట్టిగా రుద్దకండి, జింకు పూత పోతే కింద ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం పెట్టె అయితే సంగతి వేరు. అనోడైజ్ చేసిన అల్యూమినియం మెరుస్తూ కనిపించినా ఆ పొర కరెంటును పారనివ్వదు. గ్యాస్కెట్ తగిలే మేర గీకి తీరాలి.

గ్యాస్కెట్‌ను అంచు చుట్టూ ఒకే ముక్కగా తిప్పండి. రెండు కొసలు కలిసే చోట ఖాళీ ఉంచకుండా ఒకదానికొకటి ఒత్తుకునేలా కోయండి. ఆ కలిసే చోటు మూల మీదికి రాకూడదు, తిన్నగా ఉన్న వైపు రావాలి. మూత బిగించినప్పుడు గ్యాస్కెట్ మందం దాదాపు మూడో వంతు తగ్గేలా నొక్కుకోవాలి. 1 మి.మీ. రేకు మూత క్లాంపుల మధ్య పైకి ఉబ్బుతుంది, అందుకే మూత నాలుగు అంచులకూ చిన్న ఎల్ యాంగిల్ రివెట్ చేయించండి.

తర్వాత మూడు పరీక్షలు. ఖర్చు లేనివి.

*కాగితం పరీక్ష.* ఫ్రిజ్ తలుపు రబ్బరు చూసినట్టే. సన్నటి కాగితం ముక్క అంచు మీద పెట్టి మూత బిగించి లాగండి. ప్రతి 5 సెం.మీ.కీ చేయండి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ ఒత్తిడి లేదు.

*టార్చి పరీక్ష.* రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూత వేయండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చుట్టూ చూడండి. వెలుతురు గీత కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే. కనిపించకపోయినా సందు లేదని మాత్రం కాదు, పెయింటు పొర వెలుతురును ఆపుతుంది, సిగ్నల్‌ను ఆపదు.

*మల్టీమీటర్ పరీక్ష.* మూతకూ పెట్టెకూ మధ్య కొలవండి. ప్రోబులు రెండూ తాకించినప్పుడు ఎంత వస్తుందో దాదాపు అంతే రావాలి. ఇది పాసవకపోతే ముందుకెళ్లకండి. పాసైతే సగం పనే అయినట్టు, ఎందుకంటే ఒక్క చోట తగిలినా మీటరు బీప్ అంటుంది.

ప్రెషర్ కుక్కర్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ ఆలోచన ఎందుకొస్తుందో నాకు తెలుసు, గట్టిగా బిగుసుకుంటుంది కదా. కానీ మూతకూ గిన్నెకూ మధ్య ఉన్న రబ్బరు గ్యాస్కెట్ ఆవిరిని ఆపుతుంది, కరెంటును కూడా ఆపుతుంది. చుట్టూ పొడవైన సందు పెట్టినట్టే. ఇక మైక్రోవేవ్ ఓవెన్ అంటారా, దాని తలుపు 2.45 గిగాహెర్ట్జ్ కోసమే తయారైంది, మిగతా బ్యాండ్లకు దాన్ని నమ్మలేం. పైగా లోపల బోర్డుండగా ఎవరైనా పొరపాటున ఆన్ చేస్తే అంతే సంగతులు.

3. యాంటెన్నా

పెట్టె అడుగున మధ్య నుంచి కాస్త పక్కకు రంధ్రం చేసి ఎస్ఎంఏ కనెక్టర్ బిగించండి. లోపలా బయటా నట్టు నేరుగా రేకును తాకాలి. ప్లాస్టిక్ వాషర్ వద్దు.

లోపలి వైపుకు ఒక ఎస్ఎంఏ మేల్ ప్లగ్ తీసుకుని దాని మధ్య పిన్నుకు ఇత్తడి తీగ సోల్డర్ చేయండి. పెట్టె అడుగే దానికి గ్రౌండ్. తీగ పొడవు తరంగంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ:

- 2.4 గిగాహెర్ట్జ్‌కు దాదాపు 29 మి.మీ.
- 866 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 82 మి.మీ.

మొదటే ఆ కొలతకు కోయకండి. ఐదారు మి.మీ. ఎక్కువ ఉంచి, వీఎన్ఏలో (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి సరిపోతుందో కొలిచే పరికరం) చూస్తూ మిల్లీమీటరు చొప్పున తగ్గించండి. 866కు నానో వీఎన్ఏ పాత మోడల్ చాలు, 2.4కు ఇంకా పై దాకా కొలిచే మోడల్ కావాలి. మీకు కావలసిన బ్యాండులో రిటర్న్ లాస్ 10 డీబీ దాటితే పవర్‌లో పదో వంతే వెనక్కి వస్తుందన్నమాట, ఈ పనికి అది బాగున్నట్టే.

వీఎన్ఏ లేకపోతే కంగారు పడకండి. కనెక్టర్‌కు బయటివైపు 10 డీబీ అటెన్యుయేటర్ నేరుగా బిగించండి. యాంటెన్నా ట్యూనింగ్‌లో చిన్న తేడాలుంటే దానివల్ల వాటి ప్రభావం బాగా తగ్గుతుంది. వీఎన్ఏ ఉన్నా నేను ఇది తీయను.

హెచ్చరిక: ఎస్ఎంఏ, రివర్స్ ఎస్ఎంఏ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వైఫై రౌటర్ల యాంటెన్నాలు ఎక్కువగా రివర్స్ రకం. మర చక్కగా బిగుస్తుంది, కానీ మధ్యలో పిన్నుకు పిన్ను తగలదు. రీడింగ్ 20, 30 డీబీ పడిపోతే ముందు ఇదే చూడండి. బోర్డుల మీద ఉండే బుల్లి యూఎఫ్ఎల్ కనెక్టర్లను కూడా పదే పదే పీకి పెట్టకండి. వాటి ఆయుష్షు 30 సార్ల చిల్లర మాత్రమే.

4. కరెంటు లోపలికి ఎలా పంపాలి?

ఇంత కష్టపడి పెట్టె చేసి, చివరికి డ్రిల్లుతో రంధ్రం పెట్టి యూఎస్‌బీ కేబుల్ లోపలికి దూర్చేసేవాళ్లను చూశాను. ఆ కేబుల్ బయటి సిగ్నల్‌ను పట్టి లోపల వదిలే యాంటెన్నా. 60 డీబీ పెట్టె కూడా దాంతో 15, 20 డీబీ పెట్టె అయిపోతుంది.

అన్నిటికన్నా మంచి దారి బ్యాటరీని లోపలే పెట్టడం. పవర్ బ్యాంకు పనికొస్తుంది, కానీ తక్కువ కరెంటు తీసుకునే బ్లూటూత్ సెన్సర్ పెడితే చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. మీరు సిగ్నల్ పోయిందనుకుంటారు. అలాంటివాటికి మూడు ఏఏ సెల్స్ వాడండి. లిథియం బ్యాటరీని మాత్రం మూసిన పెట్టెలో చార్జింగ్ పెట్టకండి, వేడి పోయే దారి ఉండదు.

బయటి నుంచే ఇవ్వాలంటే ఫీడ్‌త్రూ కెపాసిటర్లు వాడండి. వాటి బయటి రింగు రేకుకు చుట్టూ సోల్డర్ కావాలి, లేదా మర ఉన్న రకమైతే నట్టు శుభ్రమైన రేకును తాకాలి. డేటా కావాలంటే సీరియల్ లైన్లు ఇదే దారిలో 9600 స్పీడులో హాయిగా వెళ్తాయి. యూఎస్‌బీ డేటా వెళ్లదు, కెపాసిటర్ దాన్ని మింగేస్తుంది.

ఎక్కువ డేటా కావాలంటే ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్ ఉంది. లోపలి వ్యాసం 8 మి.మీ., పొడవు 40 మి.మీ. ఉన్న ఇత్తడి గొట్టాన్ని గోడకు చుట్టూ సోల్డర్ చేసి, అందులోంచి ఫైబర్ పంపండి. అంత సన్నటి గొట్టంలోంచి 6 గిగాహెర్ట్జ్ లోపు తరంగాలు దాటలేవు, గాలి, వెలుతురు మాత్రం వెళ్తాయి. ఆ గొట్టంలోంచి ఒక్క రాగి తీగ దూర్చినా దాని పని అయిపోయినట్టే, సిగ్నల్ తీగ పట్టుకుని దర్జాగా లోపలికి వస్తుంది.

5. లోపలి అమరిక

ఖాళీ రేకు పెట్టెలో సిగ్నల్ గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ ఉంటుంది. ఈ కొలతల పెట్టె దాదాపు 625 మెగాహెర్ట్జ్ నుంచి పైకి అక్కడక్కడా గంటలా మోగుతుంది. బోర్డును ఒక సెం.మీ. జరిపితే రీడింగ్ 10 డీబీ మారడానికి కారణం ఇదే. కనీసం మూడు గోడలకు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నవాటికి, అబ్జార్బర్ స్పాంజి అతికించండి. మూత లోపలికి కూడా వేస్తే ఇంకా మంచిది. స్పాంజి గ్యాస్కెట్ కిందికి రాకుండా చూసుకోండి. మూత వేసి వీఎన్ఏలో చూసినప్పుడు గీత రంపపు పళ్లలా కనిపిస్తే స్పాంజి ఇంకా కావాలని అర్థం.

బోర్డుకు థర్మోకోల్‌లో దాని ఆకారంలో గూడు కోయండి. థర్మోకోల్ రేడియో తరంగాలకు దాదాపు గాలితో సమానం. ఏ వైపు పైకుండాలో స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు వేయండి. బోర్డు యాంటెన్నాకూ రేకు గోడకూ మధ్య 2.4 దగ్గర 3 సెం.మీ.కి, 866 దగ్గర 9 సెం.మీ.కి తగ్గకుండా ఖాళీ ఉంచండి.

6. ఎంత ఆపుతోందో కొలవండి

ఒక ఈఎస్‌పీ32ను యాక్సెస్ పాయింటుగా పెట్టి, బ్యాటరీతో గూట్లో ఉంచండి. రెండోది బయట మీటరు దూరంలో, కదలకుండా. పెట్టె అడుగునున్న ఎస్ఎంఏకు బయట కేబుల్ ఉంటే తీసేసి 50 ఓమ్ టెర్మినేటర్ (కనెక్టర్‌ను మూసే బిరడా లాంటిది) బిగించండి.

మూత తీసి వంద రీడింగులు తీసుకుని మధ్య విలువ రాసుకోండి. మూత బిగించి మళ్లీ వంద. తేడాయే మీ షీల్డింగ్. ఉదాహరణకు తెరిచినప్పుడు మైనస్ 38, మూసినప్పుడు మైనస్ 86 వస్తే 48 డీబీ. ఛానల్ 1, 6, 11 మూడింట్లోనూ చేసి, వచ్చినవాటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి. మూసినప్పుడు నెట్‌వర్కు అసలు కనిపించకపోతే సంతోషమే, కానీ "100 డీబీ వచ్చింది" అనుకోకండి. ఈఎస్‌పీ32 వినగలిగేది మైనస్ 95 పరిసరాల దాకానే. కాబట్టి మీరు చెప్పగలిగింది "కనీసం 57 డీబీ" అని మాత్రమే.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో కూడా చూడొచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లను రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్‌లకు మించి చేయనివ్వడం లేదు, అంకె కదలకుండా పాతదే చూపిస్తూ ఉంటుంది. తర్వాతి వెర్షన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో వైఫై స్కాన్ థ్రాట్లింగ్ ఆపే వీలుంది, ముందు అది ఆపండి.

ఎంత కావాలి? పక్కింటి రౌటర్ మీ టేబుల్ దగ్గర మైనస్ 60 ఉంటే 40 డీబీ చాలు. మీ రౌటర్ అదే గదిలో మైనస్ 35 ఉంటే 60 దాటాలి.

లీకు పట్టుకోవాలంటే బయటి బోర్డును చేత్తో పట్టుకుని అంచుల వెంట నెమ్మదిగా జరపండి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడ ఆగి, బొటనవేలితో మూతను నొక్కి చూడండి. నొక్కగానే పడిపోతే గ్యాస్కెట్ సమస్య, పడకపోతే కనెక్టర్లు, జాయింట్లు చూడండి.

ఇక ఆఖరి పరీక్ష. చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఒకే బోర్డును గూట్లో పెట్టి మూత వేసి కొలిచి, బయటికి తీసి, మళ్లీ పెట్టి కొలవండి. పదిసార్లు చేయండి. ఈసారి బయట కేబుల్, అటెన్యుయేటర్లు, రిసీవర్ ఎస్ఎంఏకు కలిపి ఉంచాలి. పది రీడింగులూ 1 డీబీ తేడాలో ఉంటే మీ పెట్టె నమ్మదగింది. 4, 5 డీబీ తేడా వస్తే గూడు వదులుగా ఉంది లేదా స్పాంజి తక్కువైంది.

తరచూ జరిగే తప్పులు

*ఫోన్ పెట్టి రింగ్ ఇచ్చి చూడటం.* రింగ్ కాకపోతే పాస్, అయితే ఫెయిల్ అనుకుంటారు. ఫోన్లు మైనస్ 120 దాకా బలహీనమైన సిగ్నల్‌తో కూడా పనిచేస్తాయి. టవర్ పక్కనున్న ఇంట్లో ఫెయిలైన పెట్టె ఊరి చివర ఇంట్లో పాసవుతుంది. పెట్టె మాత్రం అదే.

*ఎర్త్ వేస్తే షీల్డింగ్ పెరుగుతుందనుకోవడం.* ఈ ఫ్రీక్వెన్సీల్లో పెరగదు. మెయిన్స్ కరెంటు లోపలికి ఇస్తే మాత్రం షాక్ కొట్టకుండా ఎర్త్ తప్పనిసరి.

*లోపల కనిపించడానికి పెట్టెకు పెట్టే కిటికీకి దోమల జాలి వాడటం.* ఇళ్లకు వేసే జాలీల్లో చాలావరకు ఫైబర్‌గ్లాసువి, అసలు పనికిరావు. స్టీలు జాలి అయినా దాని అంచు చుట్టూ రేకుకు సోల్డర్ కావాలి.

*అటెన్యుయేటర్ లేకుండా కలపడం.* 5 వాట్ల వాకీటాకీని నేరుగా ఎస్‌డీఆర్‌కో (కంప్యూటర్‌తో నడిచే రేడియో రిసీవర్) వీఎన్ఏకో కలిపితే ఇన్‌పుట్ మాడిపోతుంది. అటెన్యుయేటర్ ఎన్ని వాట్లు తట్టుకుంటుందో సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది, చూడండి.

*పెట్టె ఉంది కదా అని ఏ బ్యాండులోనైనా ప్రసారం చేయడం.* మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్, 865–868 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లను నిర్ణీత పవర్ లోపు లైసెన్సు లేకుండా వాడొచ్చు. మిగతావాటికి పెట్టె లైసెన్సు కాదు. జామర్లు ప్రైవేటు వ్యక్తులు వాడటం నేరం, పరీక్ష పేరుతో కూడా.

ఈ పెట్టెతో కానివి

యాంటెన్నా గెయిన్ ఎంత, ఏ దిక్కుకు ఎంత ప్రసారం చేస్తుంది అన్నవి ఇందులో తేలవు. వాటికి అనెకోయిక్ చాంబర్ (గోడలు సిగ్నల్‌ను వెనక్కి కొట్టని గది) కావాలి. చెన్నైలోని సమీర్ (కేంద్ర ప్రభుత్వ మైక్రోవేవ్ పరిశోధన సంస్థ) కేంద్రంలో అలాంటి సౌకర్యాలున్నాయి, విశాఖపట్నంలోనూ సమీర్‌కు కేంద్రం ఉంది. ఈ పెట్టె చెప్పేది పోలిక మాత్రమే: బాగా పనిచేస్తుందని తెలిసిన బోర్డుతో పోలిస్తే ఈ బోర్డు ఎలా ఉంది అని. అందుకే అలాంటి బోర్డు ఒకటి పక్కన పెట్టి, దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, దాన్ని వేరే ఏ పనికీ వాడకండి. రోజూ పని మొదలుపెట్టే ముందు మొదట దాన్నే కొలవండి. నిన్నటి అంకె వస్తేనే మిగతావి పెట్టండి.

ఆ అంకెను, తేదీని మూత లోపలి వైపు మార్కర్‌తో రాసుకుంటూ పోండి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తేమకు గ్యాస్కెట్ తాకే చోట తెల్లటి పొడి చేరుతుంది. నెలకోసారి ఆల్కహాల్‌తో తుడిచి, మూత తీసి ఒకసారి, వేసి ఒకసారి మళ్లీ కొలవండి. తేడా 5 డీబీ తగ్గిందంటే గ్యాస్కెట్ మార్చే వేళయింది.